పిల్లలలో కాలేయమునకు క్రొవ్వు పట్టుట: గుర్తించు విధము, చికిత్స

గ్రుడ్ల కోళ్ళను పెంచు రైతులలో చాలమందికి ఈ అనుభవము ఉండును. వేసవి దినములలో, గ్రుడ్లు బాగుగా పెట్టుచున్న కాలముననే, చూచుటకు పుష్టిగా, బరువుగా ఉన్న కోడి ఒకటి తెల్లవారుసరికి బోనులో చచ్చి పడియుండును. ముందురోజు సాయంత్రము వరకు మేత తిన్నది. జబ్బు గుర్తులేవియు లేవు. కోసి చూచినచో కడుపునిండ క్రొవ్వు, కాలేయము పసుపురంగులో, వ్రేలితో ముట్టిన చిదిగిపోవునంత మెత్తగా, దానిపై గడ్డకట్టిన రక్తము కనిపించును. పశువైద్యుడు చూచి, మేతలో శక్తి ఎక్కువైనదనియు, బోనులోని కోడికి తిరుగుట లేనందున మిగిలినదంతయు కాలేయమునకు చేరినదనియు చెప్పును.

ఇందు గమనింపవలసిన సంగతి ఒకటి గలదు. ఆ కోడికి మనము వేసినది నేయి కాదు. మొక్కజొన్న, తవుడు, సోయా చెక్క మాత్రమే. అయినను దాని కాలేయము క్రొవ్వుతో నిండినది. ఫ్రాన్సు దేశమున ఈ సంగతిని ఎరిగియే ఒక వ్యాపారము నడుపుదురు. బాతుల గొంతులోనికి గొట్టము దింపి సుమారు రెండు వారములపాటు ఉడికించిన మొక్కజొన్నను బలవంతముగా మ్రింగింతురు. ఆ కొద్ది దినములలోనే వాని కాలేయము ఆరు మొదలు పదిరెట్ల వరకు పెరిగి, క్రొవ్వు ముద్దయగును. దానిని ధనవంతుల విందులలో వడ్డింతురు. ఈ పదార్థము దిగుమతిని మన దేశము 2014లో నిషేధించినది. మ్రింగించుట ఆపివేసినచో బ్రతికియున్న బాతు కాలేయము కొన్ని వారములలో తిరిగి మామూలు స్థితికి వచ్చునని కూడ పరిశోధకులు చూచిరి. ఈ రెండవ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఇక మీదట చెప్పబోవు చికిత్సకంతకును ఆధారమదే.

సేద్యశాస్త్రము బోధించువాడు పిల్లల వైద్యమును గూర్చి వ్రాయుటకు రెండు కారణములు గలవు. ఈ జబ్బునకు నేటివరకు తేలిన ముఖ్యమైన చికిత్స ఆహారము, శరీరశ్రమ. ఆ రెండును రైతు ఇంటికి చెందిన విషయములే. రెండవది, మా అక్క కొడుకునకు ఈ జబ్బు వచ్చినది. దానిని రెండేండ్లు ముందుగా కనుగొనుటకు వీలుండియు నా అజాగ్రత్తవలన జారవిడుచుకొంటిమి. ఆ సంగతి క్రింద చెప్పెదను.

జబ్బు స్వరూపము

కాలేయము మన ఇంటి గాదెవంటిది. అన్నము, రొట్టె, పండ్లు, పంచదార ఏది తిన్నను అది చక్కెరగా మారి రక్తములో కలియును. అప్పటి అవసరమునకు మించినదానిని కాలేయము నిలువచేసికొనును. ఆ నిలువకు ఒక హద్దు గలదు. గాదె నిండిన తరువాత వచ్చిన బస్తాలను వసారాలో, పిదప పడకగదిలో వేసినట్లు, హద్దు దాటిన చక్కెరను కాలేయము క్రొవ్వుగా మార్చి తన కణములలోనే ఉంచుకొనును. నూటికి ఐదు కణములకు మించి క్రొవ్వు కనిపించినచో దానిని జబ్బుగా ఎంతురు. ఆడుకొనుచు పరుగెత్తు పిల్లవాని కండరములు ఈ చక్కెరను ఎప్పటికప్పుడు కాల్చివేయును. కూర్చుండిన పిల్లవానిలో ఆ పని జరుగదు. ఇన్సులిన్ రసము ఊరుచున్నను దాని మాట కండరములు వినవు. అప్పుడు భారమంతయు కాలేయము మీదనే పడును.

క్రొవ్వు చేరినంత మాత్రమున వెంటనే ప్రమాదము లేదు. కొందరిలో ఆ క్రొవ్వు వలన కాలేయము వాచును. వాపు ఏండ్ల తరబడి ఉన్నచో మెత్తని కాలేయములో నారవలె మచ్చలు కట్టి గట్టిపడును. చివరకు సిర్రోసిస్ అను స్థితికి వచ్చును. త్రాగుబోతులకు వచ్చునని మన మెరిగిన జబ్బు అదియే. మద్యము ముట్టని వారిలో కూడ ఇటువంటి వాపు కలుగునని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్ అను వైద్యుడును, ఆయన సహచరులును వివరించి దానికొక పేరు పెట్టిరి. 1983లో స్థూలకాయముగల ముగ్గురు పిల్లలలో ఇదే వాపును కనుగొని ప్రకటించిరి. అంతకు ముందు ఇది పిల్లలకు రాదనియే తలచెడివారు. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని శాన్‌డియాగో ప్రాంతమున ప్రమాదములు మొదలగు కారణములవలన మరణించిన 742 మంది పిల్లల కాలేయములను పరీక్షించిరి. వారిలో స్థూలకాయులైన పిల్లలను తీసికొన్నచో నూటికి 38 మందికి కాలేయములో క్రొవ్వు ఉన్నట్లు తేలినది. ఆ పిల్లల తలిదండ్రులలో ఎంతమందికి ఈ సంగతి తెలిసియుండునో ఊహించుకొనవచ్చును.

ఈ జబ్బునకు వైద్యులు 2023లో ఇంగ్లీషు పేరు మార్చిరి. మద్యము వలన కానిదని చెప్పు పాత పేరును విడిచి, శరీరములో ఆహారము జీర్ణమై వినియోగపడు తీరు చెడుటవలన వచ్చినదని తెలుపు పేరు పెట్టిరి. మన ఆసుపత్రి చీటీలలో ఇంకను ‘ఫ్యాటీ లివరు’ అనియే వ్రాయుచున్నారు. పాఠకులకు ఆ మాటయే చాలును.

లావుగా ఉన్న పిల్లలందరికి ఇది రాదు. సన్నగా ఉన్నవారికి కూడ కొందరికి వచ్చును. కాలేయములో క్రొవ్వు సులువుగా చేరు గుణము కొన్ని వంశములలో ఉన్నట్లు 2008లో కనుగొనిరి. ఒకే చేనిలో ఒకే ఎరువు వేసినను ఒక రకము పడిపోవును, మరియొక రకము నిలుచును గదా. కనుక పిల్లవానిని తిండిపోతని నిందించుట తగదు. నిందించిన పిల్లవాడు చాటుగా తినుట నేర్చుకొనును.

మా ఇంటిలో జరిగినది

మా అక్కగారి ఊరు కృష్ణా డెల్టాలోనిది. రెండు కారులు పండు మాగాణి. మేము చిన్నవాండ్రముగా ఉన్నప్పుడు ఆ ఊరి పిల్లలు బడికి రెండు మైళ్ళు కాలువగట్టు మీదుగా నడిచెడివారు. సాయంత్రము గేదెలను తోలుకొని వచ్చుట, కాలువలో ఈదుట ఉండెడిది. ఇప్పుడు బడి బస్సు ఇంటి గుమ్మము ముందు ఆగును. గేదెలు లేవు, పాలు పాకెట్టులో వచ్చును. ట్రాక్టరు, వరికోత యంత్రము వచ్చిన తరువాత పెద్దలకే ఒంటి శ్రమ తగ్గినది. కాని పళ్ళెములోని అన్నము మాత్రము తగ్గలేదు. నాగలి దున్నిన తాతగారు తిన్నంత అన్నమును, బస్సులో కూర్చుండి వెళ్ళు మనుమడును తినుచున్నాడు. దానిపై బేకరీ సామాను, సీసాలలోని తీపి పానీయములు, బడి నుండి రాగానే బిస్కట్లు చేరినవి.

మా మేనల్లునకు పదునొకండవ ఏట జ్వరము వచ్చినప్పుడు రక్తపరీక్ష చేయించిరి. ఆ చీటీలో ఎస్.జి.పి.టి. అను అంకె 43 అని ఉన్నది. దాని ప్రక్కన మామూలు హద్దు 45 వరకు అని అచ్చు వేసియున్నది. బావగారు ఆ కాగితమును ఫోనులో నాకు పంపి, “చదువుకున్నోడివి, ఓసారి చూడవోయ్” అనిరి. “హద్దు లోపలే ఉంది బావగారూ, భయం లేదు” అని నేను జవాబిచ్చితిని. ఆ హద్దు పెద్దవారికి వేసినదని అప్పుడు నాకు తెలియదు. తెలిసికొనుటకు ప్రయత్నము కూడ చేయలేదు. భూసార పరీక్ష ఫలితము చూచునప్పుడు ఏ పంటకు, ఏ నేలకు అని అడుగనిదే సలహా చెప్పకూడదని ప్రతి సంవత్సరము విద్యార్థులకు బోధించువాడను. పిల్లవాని చీటీ దగ్గర ఆ ప్రశ్న వేయలేదు.

పదమూడవ ఏట అతనికి కుడిప్రక్క డొక్క క్రింద బరువుగా ఉన్నదనుట, కొంచెము నడిచిన అలసట మొదలైనవి. అప్పటికి ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఎస్.జి.పి.టి. 96. స్కానింగులో కాలేయము తెల్లగా మెరయుచున్నదనియు, ఫైబ్రోస్కాను అను పరీక్షలో కొద్దిగా గట్టిపడుట మొదలైనదనియు చెప్పిరి.

గుర్తించుట

ఈ జబ్బునకు బయటి గుర్తులు తక్కువ. చాలమంది పిల్లలలో ఏ బాధయు ఉండదు. అందుచేత జబ్బు కనిపించువరకు ఆగక, అనుమానముగల పిల్లలను ముందే పరీక్ష చేయింపవలెను. ఇంటివద్ద చూచుకొనదగిన గుర్తులు రెండు గలవు.

మొదటిది పురికొస పరీక్ష. ఆరేండ్లు దాటిన పిల్లవానిని గోడకు ఆనించి నిలువబెట్టి, మడమ నుండి నడినెత్తి వరకు ఎంత పొడవు ఉండునో అంత పురికొసను త్రుంపవలెను. దానిని సగమునకు మడిచి, చివరి ప్రక్కటెముకకును తుంటి ఎముకకును నడుమ నడుము చుట్టు త్రిప్పవలెను. కొసలు రెండును కలిసినచో మంచిది. కలియక ఎడము మిగిలినచో పొట్టలో క్రొవ్వు చేరినదని అర్థము. నడుము కొలత ఎత్తులో సగము మించరాదను లెక్కనే ఈ పురికొస చూపుచున్నది. దీనికి కొలబద్ద అక్కరలేదు. తల్లియే చేయవచ్చును.

రెండవది మెడ. మెడ వెనుక, చంకలలో చర్మము నల్లబడి మందముగా, మఖమలు గుడ్డవలె కనిపించును. చాలమంది తల్లులు ఇది మట్టియని తలచి శనగపిండి, పసుపు పెట్టి రుద్దుదురు. మా అక్కయు పీచుతో రుద్దినది. అది మురికి కాదు. రక్తములో ఇన్సులిన్ ఎక్కువైనదని తెలుపు గుర్తు. రుద్దిన పోదు, బరువు తగ్గిన కొలది తనంతట తానే పలుచబడును.

ఈ రెండింటిలో ఏది కనిపించినను, లేక ఇంటిలో తల్లికి గాని తండ్రికి గాని చిన్నవయసుననే మధుమేహము వచ్చియున్నను, పిల్లవానిని వైద్యునకు చూపవలెను. స్థూలకాయముగల పిల్లలకు 9 నుండి 11 సంవత్సరముల వయసు మధ్య ఒకసారి ఎస్.జి.పి.టి. పరీక్ష చేయింపవలెనని అమెరికాలోని పిల్లల కాలేయ వైద్యుల సంఘము 2017లో సూచించినది. ఈ పరీక్షకే ఏ.ఎల్.టి. అనియు పేరు. వారు చెప్పిన హద్దులు మగపిల్లలకు 26, ఆడపిల్లలకు 22. పాఠకులు ఈ రెండంకెలను వ్రాసియుంచుకొనవలెను. పరీక్షాకేంద్రము వారి కాగితముపై హద్దు 40 అనియో 45 అనియో ఉండవచ్చును. ఆ హద్దు లోపల ఉన్నదని ఊరుకొనరాదు. అంకె ఈ హద్దులకు రెండింతలు మించి మూడు నెలలు నిలిచియున్నచో కాలేయ వైద్యునకు చూపవలెను. 80 దాటినచో మూడు నెలలు ఆగక వెంటనే వెళ్ళవలెను.

స్కానింగులో ఏమియు లేదన్నంత మాత్రమున జబ్బు లేదని అనుకొనరాదు. క్రొవ్వు కొద్దిగా ఉన్నప్పుడు మామూలు స్కానింగు దానిని పట్టలేదు. అట్లే, లావుగా ఉన్న పిల్లవానికి ఎస్.జి.పి.టి. పెరిగినంత మాత్రమున అది క్రొవ్వు వలననే యని మనము నిర్ణయింపరాదు. కామెర్లు కలిగించు క్రిములు, ఒంటిలో రాగి చేరిపోవు విల్సన్ జబ్బు, కొన్ని మందులు కూడ ఆ అంకెను పెంచును. ఆకు పసుపుపచ్చనైనది గదాయని నత్రజని వేసినచో, అసలు లోపము జింకుదైన ఏమగునో రైతులకు చెప్పనక్కరలేదు. ఆ కారణములను తీసివేయుట వైద్యుని పని. ఆయన అడిగిన రక్తపరీక్షలను ఖర్చుకు వెనుదీయక చేయింపవలెను. సూదితో కాలేయపు ముక్కను తీసి చూచు పరీక్ష అందరికి అవసరము లేదు.

ఆహారము

చికిత్సలో మొదట చేయవలసినది తీపి పానీయములను ఇంటి నుండి తీసివేయుట. మిగిలిన మార్పులన్నియు దీని తరువాతనే.

పంచదారలో సగము గ్లూకోజు, సగము ఫ్రక్టోజు. గ్లూకోజును ఒంటిలోని ప్రతి భాగమును వాడుకొనును. ఫ్రక్టోజు భారము మాత్రము చాలవరకు కాలేయము మీదనే పడును. అది అక్కడ తొందరగా క్రొవ్వుగా మారును. నమిలి తిన్న పండులోని తీపి పీచుతో కలిసి నెమ్మదిగా దిగును. త్రాగిన తీపి ఒక్కసారిగా కాలేయము మీద పడును, కడుపు నిండినట్లును ఉండదు. పావు లీటరు తీపి పానీయములో సుమారు 25 గ్రాములకు పైగా, అనగా ఐదారు చెంచాల పంచదార ఉండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మేలైన హద్దు ప్రకారము రోజునకు రెండువేల క్యాలరీలు తిను పిల్లవానికి దినమంతటికి కలిపి 25 గ్రాములు. ఒక్క సీసాతోనే ఆ హద్దు తీరిపోవును.

దీనికి గట్టి ఆధారము 2019లో లభించినది. కాలేయమునకు క్రొవ్వు పట్టిన 11 నుండి 16 ఏండ్ల బాలురు 40 మందిని అమెరికాలో రెండు జట్లుగా చేసిరి. ఒక జట్టు మామూలుగా తినినది. రెండవ జట్టునకు కలిపిన తీపిని మొత్తము క్యాలరీలలో నూటికి మూడు పాళ్ళకు తగ్గించిరి. అనగా రోజునకు సుమారు మూడు చెంచాలు. ఎనిమిది వారములలో ఈ రెండవ జట్టువారి కాలేయములోని క్రొవ్వు 25 పాళ్ళ నుండి 17 పాళ్ళకు దిగినది. మొదటి జట్టులో 21 నుండి 20కి మాత్రమే దిగినది. ఎనిమిది వారములనగా ఒక మినుము పంట కాలము కూడ కాదు. ఆ పరిశోధకులు చేసిన మరియొక పని మనకు ఇంకను ముఖ్యమైనది. వారు పిల్లవానికి మాత్రమే వేరుగా పెట్టక, ఇంటిల్లిపాదికి అదే ఆహారమును ఏర్పాటుచేసిరి.

మా అక్క ఇంటిలో మొదట తప్పిన చోటు అదియే. పిల్లవానికి ఒక్కనికి రొట్టెలు పెట్టి, మిగిలినవారు జిలేబీలు తినుచుండిరి. నాలుగు దినములలో వాడు నాయనమ్మ కొట్టుగదిలో దాచిన మినపసున్ని డబ్బా కనిపెట్టెను. అడిగినందుకు ఆమె, “ఎదిగే పిల్లాడి నోటికాడ కూడు లాగేస్తారా? వాడి మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో!” అని ఏడ్చెను. ఆమె తప్పును నేను ఎంచను. ఆమె చిన్నతనమున పిల్లలు తిండిలేక పోయిరి. బొద్దుగా ఉన్న బిడ్డయే బ్రతికిన బిడ్డ. చివరకు ఆమెను ఒప్పించినది నా మాటలు కావు. బావగారికి అప్పటికే మధుమేహము ఉన్నది. ఆయన ఒకనాడు అన్నము ముందు కూర్చుండి, “అమ్మా, ఈ రోజు నుంచి నాకూ అదే పెట్టు” అని కాఫీలో పంచదార మానివేసిరి. ఆ తరువాత సున్ని డబ్బా ఆ ఇంట కనిపించలేదు.

బెల్లమును గూర్చి రైతులకు ఒక భ్రమ గలదు. పంచదార చెడ్డదని బెల్లమునకు మారినవారు చాలమంది ఉన్నారు. బెల్లములో నూటికి 65 నుండి 85 పాళ్ళు అదే సుక్రోజు. కొద్దిగా ఇనుము మొదలగు లవణములు ఉన్నను, కాలేయము బెల్లమును, పంచదారను వేరుగా చూడదు. తేనె, చెరకురసము, పండ్లరసము కూడ అంతే. చెరకు పండించు రైతులు నన్ను కోపపడరాదు. జామపండు, బొప్పాయి, కమలాఫలము కోసికొని తినవలెను, పిండికొని త్రాగరాదు. పాలలో కలుపు మాల్టు పొడులలో చాలవాటియందు పంచదార ఎక్కువ. వట్టి పాలు చాలును.

తీపి తరువాత అన్నము. అన్నము మానవలెనని నేను చెప్పను. డెల్టా రైతు ఇంట అట్టి సలహా మూడు దినములు కూడ నిలువదు. పళ్ళెములో వడ్డించు వరుస మార్చినచో చాలును. సగము పళ్ళెము కూరగాయలు, ఆకుకూరలు. పావు భాగము పప్పు, గ్రుడ్డు, చేప వంటివి. మిగిలిన పావు భాగమే అన్నము గాని రొట్టె గాని ఉండవలెను. మా అక్క మొదట గోంగూరపప్పు, దొండకాయ కూర వడ్డించి, అవి సగము తినిన తరువాత అన్నము పెట్టుచున్నది. ఆకలి తీరక మరల అడిగినచో కూరయే రెండవసారి పెట్టును. పలుచని మజ్జిగ ఎంత త్రాగినను అడ్డులేదు. వేరుశనగలు, శనగలు గుప్పెడు సాయంత్రపు ఆకలికి సరిపోవును. నూనెలో వేచిన బజ్జీలు, పాకెట్లలోని చిప్సులు రోజువారీ ఆహారము కారాదు.

చిరుధాన్యములను గూర్చి నన్ను అడుగుదురు. 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత కొఱ్ఱలు తిన్న కాలేయము బాగుపడునని చెప్పువారు ఎక్కువైరి. ఆ పంటలను పాఠముగా చెప్పి జీతము తీసికొనువాడను నేను. అయినను నిజము చెప్పవలెను. జొన్న, కొఱ్ఱ, రాగి పీచుగల మంచి ధాన్యములు. తెల్లని బియ్యమునకు బదులు వాడుట మేలు. కాని అవి మందు కావు. నాలుగు జొన్నరొట్టెలు తిన్న అవియును నాలుగు రొట్టెల పిండియే. రాగిజావలో మూడు చెంచాల బెల్లము వేసినచో వచ్చిన మేలు పోవును.

పిల్లలను పస్తు పెట్టరాదు. పెద్దవారికి బరువు తగ్గుట ముఖ్యము. ఎత్తు పెరుగుచున్న పిల్లవానికి చాలసార్లు బరువు పెరుగకుండ నిలిచిన చాలును. ఎత్తు పెరిగిన కొలది ఒళ్ళు దానంతట అదే సరిపడును. ఉపవాసములతో తొందరగా తగ్గించినచో ఎదుగుదల చెడును. స్థూలకాయము మరీ ఎక్కువగా ఉన్న పెద్దపిల్లల విషయమున ఎంత తగ్గవలెనో వైద్యుడే చెప్పవలెను.

ఆట, పని, నిద్ర

ఐదు నుండి పదునేడు ఏండ్ల పిల్లలకు రోజునకు కనీసము అరువది నిమిషములు గుండె వేగముగా కొట్టుకొను శ్రమ ఉండవలెను. బరువు తగ్గకున్నను, శ్రమవలన కాలేయములోని క్రొవ్వు కొంత కరుగును. ఇందుకు వ్యాయామశాల అక్కరలేదు. కబడ్డీ, వాలీబాలు, సైకిలు, ఈత ఏదైనను మంచిదే. లావుగా ఉన్న పిల్లవాడు ఆటలో వెనుకబడినప్పుడు తోటివారు నవ్వుదురు. మరునాడు వాడు ఆటకు పోడు. మా మేనల్లుడు అందువలననే మైదానము మానెను. బావగారు వానిని ప్రొద్దుట ఆరు గంటలకు సైకిలు మీద పొలము గట్టు వరకు తీసికొనిపోవుట మొదలుపెట్టిరి. అక్కడ నవ్వువారు లేరు. మూడు నెలల తరువాత తానే వాలీబాలు ఆటలో చేరెను.

పొలమునకు పంపుటయనగా కూలిపని చేయించుట కాదు. పురుగుమందు చల్లిన చేనిలోనికి, మిట్టమధ్యాహ్నపు ఎండలోనికి పిల్లలను పంపరాదు. చదువు తప్ప మిగిలిన సమయములో ఫోను, టెలివిజను కలిపి రెండు గంటలు మించకూడదు. రాత్రి తొమ్మిది గంటలకు ఫోను పెద్దవారి గదిలోనికి పోవలెను. నిద్ర తక్కువైన పిల్లలకు ఆకలి ఎక్కువగును. గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగినట్లున్నచో ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.

మందులు, టానిక్కులు

జబ్బు తెలిసిన వెంటనే మా ఇంటివారు చేసిన పని లివరు టానిక్కు కొనుట. ఎవరో చెప్పిరని నాలుగు నెలలు త్రాగించిరి. పిమ్మట పరీక్షించిన 96 కాస్త 102 అయినది. ఆ నాలుగు నెలలు ఆహారమును మార్చలేదు. టానిక్కు పనిచేయుచున్నదను ధైర్యమున మార్చవలెనను తలంపే రాలేదు. నష్టము ఆ డబ్బు కన్న ఆ కాలమే.

2011లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో 8 నుండి 17 ఏండ్ల పిల్లలు 173 మందికి దాదాపు రెండేండ్లు కొందరికి విటమిన్ ఇ, కొందరికి మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్, కొందరికి మందులేని ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చిరి. ఎస్.జి.పి.టి.ని తగ్గించి నిలుపుటలో ఆ రెండు మందులును ఉత్తుత్తి బిళ్ళను మించలేదు. విటమిన్ ఇ వలన కొందరిలో కాలేయపు వాపు తగ్గినమాట నిజము. అయినను ఎక్కువ మోతాదున ఏండ్ల తరబడి వాడుటలో ఉండు మంచిచెడ్డలు తేలనందున, 2017 నాటి సూచనలలో దీనిని గాని, మరి ఏ మందును గాని పిల్లలందరికి వాడుమని చెప్పలేదు. వైద్యుడు ఒక పిల్లవానికి ప్రత్యేకముగా వ్రాసినచో అది వేరు సంగతి. దుకాణములో అడిగి కొనరాదు.

ఈ మధ్య బరువు తగ్గించు సూదిమందులను గూర్చి పత్రికలలో చదువుచున్నారు. వానిలో కొన్నింటిని పన్నెండేండ్లు దాటిన స్థూలకాయుల బరువు తగ్గించుటకు అమెరికాలో 2020లోను, 2022లోను అనుమతించిరి. పెద్దవారి కాలేయపు వాపునకు 2024లో ఒక బిళ్ళను, 2025లో ఒక సూదిమందును అక్కడ అంగీకరించిరి. పిల్లల కాలేయములోని క్రొవ్వునకని ఇంకను ఏ మందును అనుమతింపలేదు. ఎంత ఖరీదైన సూదియైనను ఆహారము మార్చు పనిని తప్పించునది కాదు.

ఆకుపసరులు వాడువారికి ఒక హెచ్చరిక. నేల ఉసిరి, గుంటగలగర మన చేలగట్లపై పెరుగునవే గనుక హాని లేదని తలచుట పొరపాటు. వానివలన ఈ జబ్బు నయమగునని పిల్లలలో రుజువు కాలేదు. తిప్పతీగ కషాయము వాడిన కొందరికి కాలేయము వాచినట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. జబ్బుపడిన కాలేయమునకు తెలియని పసరు పోయుట కూడదు. జాతరలలో, పెళ్ళిళ్ళలో పెరిగిన మగపిల్లలకు కల్లు రుచి చూపించువారు గలరు. ఈ జబ్బుగల పిల్లవానికి కల్లు గాని, బీరు గాని ఒక్క గ్రుక్కయు పోయరాదు. కామెర్ల రకములైన హెపటైటిస్ ఎ, బి టీకాలు వేయించియున్నారో లేదో చీటీ తీసి చూచుకొనవలెను.

తరువాతి పరీక్షలు

చికిత్స మొదలుపెట్టిన పిదప మొదట మూడు నెలలకొకసారి బరువు, ఎత్తు, నడుము కొలిచి వ్రాసికొనవలెను. ఎస్.జి.పి.టి.ని వైద్యుడు చెప్పిన ప్రకారము చేయింపవలెను. సంవత్సరమునకొకసారి రక్తములోని చక్కెరను, కొలెస్ట్రాలును, రక్తపుపోటును చూపించుట అవసరము. అమెరికాలో ఈ జబ్బుతో వైద్యులవద్దకు వచ్చిన 675 మంది పిల్లలను 2016 నాటి పరిశోధనలో పరీక్షింపగా, దాదాపు నూటికి ముప్పది మందికి మధుమేహము గాని, దానికి ముందు స్థితి గాని అప్పటికే ఉన్నట్లు తేలినది. మన ప్రభుత్వము 2021లో కాలేయమునకు క్రొవ్వు పట్టు జబ్బును మధుమేహము, గుండెజబ్బులతోపాటు జాతీయ కార్యక్రమములో చేర్చినది. కనుక ప్రభుత్వ ఆసుపత్రిలో అడుగుటకు సందేహింపనక్కరలేదు.

మా మేనల్లునకు ఆహారము మార్చి సంవత్సరమైనది. ఎత్తు 163 సెంటీమీటర్లు, బరువు 75 కిలోలు, ఎస్.జి.పి.టి. 39. ఇంకను 26కు రాలేదు. మెడ వెనుక నలుపు పలుచబడినది. పురికొస కొసలు ఇంకను కలియవు, రెండంగుళముల ఎడము ఉన్నది. గట్టిపడిన భాగము ఎంతవరకు మెత్తబడునో వచ్చే ఏటి పరీక్షలో చూతుమని వైద్యులు చెప్పిరి. సంక్రాంతికి అరిసెలు వండవచ్చునా యని అక్క అడుగగా, పండుగనాడు ఒకటి తినవచ్చుననియు, డబ్బాకు పోసి ఇంట నిలువ ఉంచవద్దనియు ఆయన చెప్పిరట. ఈసారి నాయనమ్మగారే పావు వంతు పిండి పట్టించి, మిగిలిన బియ్యమును తిరిగి బస్తాలో పోయించిరి.